నబీ సందు

తూర్పు గీత సగం దాకా వచ్చాక హనుమయ్య సున్నం డబ్బాను పైకెత్తాడు. రెండు చేతులూ చాపుకుని ఒక మనిషి నడిచి రాగలిగినంత మేర నేలను అలాగే వదిలేసి, దాని అవతలి నుంచి మళ్ళీ వంగి గీత అందుకున్నాడు. డబ్బా అడుగున మేకుతో పొడిచిన చిల్లుల్లోంచి పొడి సున్నం పురికొస వెంబడి సన్నగా రాలుతోంది. వంగిన ప్రతిసారీ నడుములో ఒక నరం కలుక్కుమంటుంది. అయినా గీత మాత్రం వంకర పోదు. ఇన్నేళ్ళలో ఆ గీతలు చూసి మెచ్చుకున్నవాళ్ళూ లేరు, తప్పు పట్టినవాళ్ళూ లేరు. గీతలు బాగున్నాయని ఫుట్‌బాల్ చూడ్డానికి ఎవరొస్తారు?

మార్గశిర మాసపు పొద్దు. తెనాలి ఊరి చివర, ఒక పక్క రేపల్లె పోయే రైలు కట్ట, ఇంకో పక్క కోతలైన వరి చేలు, మధ్యలో ఈ క్లబ్బు మైదానం. మంచు ఇంకా లేవలేదు. దూరపు గోల్ స్తంభాలు ఉన్నాయో లేవో తెలియడం లేదు. హనుమయ్యది పొట్టి ప్రాణం, బక్క శరీరం, మోకాళ్ళు బయటికి తిరిగిన దొడ్డికాళ్ళు. ఖాకీ నిక్కరు, తలకు తువ్వాలు. కనుబొమల మీదా చెవి తమ్మెల మీదా సున్నం పేరుకుని, ఏదో వేషానికి ముస్తాబవుతూ సగంలో లేచొచ్చిన మనిషిలా ఉన్నాడు.

వదిలేసిన ఆ జాగాలో మాత్రం మంచు లేదు. మైదానమంతా గడ్డి తడిసి బూడిదరంగులో ఉంటే, అక్కడ పొడిగా పచ్చగా ఉంది. అక్కణ్ణుంచి లోపలికి అడుగు వెడల్పున ఒక చార కూడా పొడిగానే సాగి, నడిమి గీత దగ్గర ఆగిపోయింది. హనుమయ్య దాన్ని చూశాడు. ఇదివరకూ చూశాడు. మొట్టమొదట చూసినప్పుడు జ్వరం తగిలి మంచాన పడ్డాడు. ఆ తర్వాత మొక్కుబడిగా ఒకసారి చూసి ఊరుకోవడం నేర్చుకున్నాడు. మైదానంలో తిరిగే ఎర్రకుక్క ఉంది. గీతలన్నీ తొక్కి పాడు చేస్తుంది, తిడితే తోక ఊపుతుంది. అంత సిగ్గులేని కుక్క కూడా ఆ జాగా దగ్గరకొచ్చేసరికి ఆగి, చుట్టూ తిరిగి పోతుంది.

క్లబ్బులో అందరూ దాన్ని నబీ సందు అంటారు. ఎందుకంటారో సగం మందికి తెలియదు.

నబీది పెనుమూడి రేవు. అప్పట్లో అక్కడ కృష్ణ మీద వంతెన లేదు. తండ్రి పడవ నడిపేవాడు. కొడుకు ఆ తడి ఇసుకలో వట్టి కాళ్ళతో బంతి తన్నుతూ పెరిగాడు. తెనాలి తరఫున ఆడే రోజుల్లో వాడు ప్రాక్టీసుకు వచ్చిన పాపాన పోలేదు. బూట్లిస్తే రేపల్లె వెళ్ళి ఎవరికో ఇచ్చేసి వచ్చాడు. మ్యాచికి కూడా మొదలయ్యాకే వచ్చేవాడు. రేపల్లె బండి తెనాలి ఔటర్ సిగ్నల్ దగ్గర నెమ్మదించగానే, కదిలే పెట్టెలోంచి కంకర మీదికి దూకి, కట్ట దిగి, వేయించిన శనగలు నములుతూ నేరుగా ఆటలోకి నడిచొచ్చేవాడు. రిఫరీలు గోల పెట్టేవాళ్ళు. ఒకాయన బయటికి పొమ్మంటే పోయి, జనంలో కూర్చుని మిరపకాయ బజ్జీ తిని, ఆయన అటు తిరగ్గానే లోపలికొచ్చి గోల్ కొట్టాడు. దాని మీద మూడు ఊళ్ళలో తగాదా నడిచింది.

ఇన్ని లెక్కలేనితనాలున్నవాడికి ఒకటే భయం. కొత్తగా వేసిన సున్నం గీత దాటితే కాలు బరువెక్కుతుందని. గీత ముందు ఆగిపోయి, "హనుమా, తలుపు తెరువురా" అని కేకేసేవాడు. అప్పుడు హనుమయ్య ఆ జట్టులో కుడి బ్యాకు. ఆట వదిలి పరుగెత్తుకొచ్చి కాలితో గీత చెరిపేవాడు. ఈ అవస్థంతా దేనికని, తర్వాత తర్వాత గీత వేసేటప్పుడే కాస్త జాగా వదిలేయడం మొదలుపెట్టాడు. గీతలు వేసే పని కూడా అప్పటికే అతని మీద పడింది. జట్టులో ఎవరో ఒకరు వేయాలి, మిగతావాళ్ళకు వేరే పనులుండేవి.

హనుమయ్య ఆట గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక్క గోల్ కూడా కొట్టిన మనిషి కాదు. అతనికి తెలిసిన విద్య ఒకటే. బంతి కాలికి తగలగానే, ఎవరూ లేని చోటికి తన్నేవాడు. "ఎవడికిరా అది, మీ తాతకా?" అని జనం బూతులు తిట్టేవాళ్ళు. ఆ తిట్టు నోట్లో ఉండగానే నబీ అక్కడ ఉండేవాడు. ఎలా వచ్చాడో, ఎటు నుంచి వచ్చాడో ఎవరూ చూసేవాళ్ళు కాదు. ఆపైన గోల్, ఈలలు, దండలు. దండలు నబీ మెడలో, తిట్లు హనుమయ్య ఖాతాలో. కుళ్ళు ఉండేదా అంటే ఉండేది. కొన్ని రాత్రులు పళ్ళు కొరుక్కునేవాడు కూడా. కానీ మర్నాడు బంతి కాలికి తగలగానే మళ్ళీ ఆ ఖాళీలోకే తన్నేవాడు. ఇంకెటు తన్నడానికీ మనసొప్పేది కాదు.

బాపట్లతో పెద్ద మ్యాచి రోజున నబీ రాలేదు. రేపల్లెలో బండెక్కడం చూసినవాళ్ళున్నారు. వేమూరులో కిటికీలోంచి సోడా అందుకోవడం చూసినవాళ్ళున్నారు. ఔటర్ దగ్గర బండి నెమ్మదించింది. ఎవరూ దిగలేదు. పట్టాల పక్కనా, కాలవలోనూ, తుమ్మ పొదల్లోనూ వెతికారు. చొక్కా గుండీ కూడా దొరకలేదు. నలభై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ దొరకలేదు.

గీతలు పూర్తయ్యాక హనుమయ్య బోరు దగ్గర చేతులు కడుక్కుంటుంటే జేబులో ఫోను మోగింది. ఎవరో చూడక్కర్లేదు. రేపల్లె నుంచి మస్తాన్ బీ, నబీ చెల్లెలు. మైదానంలో గీతలు పడ్డ ప్రతిరోజూ ఆమె చేస్తుంది. ఫోన్లు లేని కాలంలో బండిలో వచ్చేవాళ్ళ చేత అడిగించేది.

"వచ్చాడా అన్నా?"

"ఇంకా బండి రాలేదమ్మా."

ఎప్పుడూ ఈ రెండు ముక్కలే. తర్వాత ఆమె అరికాళ్ళ మంటల గురించి, అతని నడుం గురించి మాట్లాడుకుని పెట్టేసేవాళ్ళు. ఇవాళ ఆమె పెట్టెయ్యలేదు.

"రేపట్నుంచి నేలంతా తవ్వేసి ప్లాస్టిక్ గడ్డి వేత్తారంట గదా?"

"అవునమ్మా. గీతలు కూడా ఆ గడ్డిలోనే నేసి వస్తాయంట. చెరగవు. ఇంక నాతో పనిలేదు."

"మరి సందు?"

హనుమయ్య సందు వైపు చూశాడు.

"అన్నా, బతికున్నాడేమో అన్నప్పుడు పోయినోళ్ళకు చదివే ఫాతెహా ఎట్టా చదివిత్తాం? పాపం గదా. అమ్మ చదివించకుండానే పోయింది. నాకూ ఎంతో కాలం లేదు. ఇయ్యాల్టితో నువ్వే తేల్చి చెప్పు. వచ్చాడంటే వచ్చాడు, రాడంటే రాడు. నువ్వు చెప్పిందే నేను నమ్ముతా."

ఆమె ఫోను పెట్టేశాక కూడా అతను దాన్ని చెవి దగ్గరే ఉంచుకున్నాడు. అబద్ధం చెప్పేస్తే సరిపోతుంది. రాడమ్మా, చదివించేసుకో అంటే ఆ ముసలిది ఏడ్చి ఊరుకుంటుంది. కానీ ఆ పొడి చార పొద్దున్నే చూసిన కళ్ళతో ఆ మాట ఎలా అనడం? వచ్చాడని మాత్రం ఎలా చెప్పడం? చూడలేదు కదా. సాయంత్రం బండి పోయేలోగా తేలాలి. తేలకపోతే రేపు పొద్దున్నే పొక్లెయినర్ వస్తుంది.

పదింటి ఎండకు మంచు లేచింది. మాధురి వచ్చింది. బాపట్ల అమ్మాయి, ముప్పై దాటి ఉంటాయి, మోకాలి మీద పొడుగాటి కోత మచ్చ. ఆమె ఇప్పుడు కోచ్. సాయంత్రం తెనాలి కుర్రాళ్ళకూ బాపట్ల కుర్రాళ్ళకూ ఆడించి, బాగా ఆడినవాళ్ళను విజయవాడ అకాడమీకి తీసుకెళుతుంది. వెంట క్లబ్బు ప్రెసిడెంటు పాండురంగారావు. ఆయన జీవితంలో బంతి తన్నలేదు గానీ, నబీ గురించి ఆయన మాట్లాడినంత ఇంకెవరూ మాట్లాడలేరు.

మాధురి గట్టు మీద మూడు కాళ్ళ కర్ర పాతి దాని మీద చిన్న కెమెరా బిగించింది. దాని తల దానంతటదే తిరుగుతుంది, ఎవరూ తిప్పక్కర్లేదు. బంతి ఎటు పోతే అటు చూస్తుందట.

"చూశావా హనుమయ్యా, ఇలాంటివి అప్పుడుంటేనా! నబీని ప్రపంచమంతా చూసేది. ఇవాళ పుట్టుంటే కోట్లు పెట్టి కొనుక్కుపోయేవాళ్ళు," అన్నాడు పాండురంగారావు.

"కొనుక్కోరండి," అంది మాధురి. కెమెరా తీగ సర్దుతూ మామూలుగా అంది. "ప్రాక్టీసుకు రానివాణ్ణి ఎవరు కొంటారు? ఇప్పుడు ఎంత పరుగెత్తాడో, ఎంత నిద్రపోయాడో, ఏం తిన్నాడో అన్నీ చూస్తామండి. బంతి పోతే వెనక్కి పరుగెత్తాలి. ఇద్దరు అతుక్కుపోయి తిరుగుతారు, ఊపిరి తీసుకోనివ్వరు. మొదటి వారంలోనే నేనే ఇంటికి పంపేస్తాను."

"అంత మాటా!"

"పంపేసి రాత్రంతా ఏడుస్తానండి. మా నాన్న బాపట్ల గోల్ కీపర్. ఆయన్ని నబీ ఒకసారి ఎటు పడేశాడంటే, బంతి ఇటు పోతుంటే అటు పడ్డాడంట, అక్కడ ఎవరూ లేరంట. ఇంట్లో ఆ పేరెత్తితే అన్నం దగ్గర్నుంచి లేచిపోయేవాడు. చచ్చేదాకా ఆ గోల్ మర్చిపోలేదు. అలాంటివాణ్ణి నేను పంపేయాల్సి వస్తుంది. అదండీ ఇప్పటి ఆట." ఆమె హనుమయ్య వైపు తిరిగింది. "మీరు చెప్పండి బాబాయ్. ఆయనతో ఆడింది మీరు. ఇప్పుడైతే నెగ్గుకొచ్చేవాడా?"

హనుమయ్యను ఈ ప్రశ్న చాలామంది అడిగారు. అడిగి, జవాబు కోసం ఆగకుండా వాళ్ళే చెప్పుకునేవాళ్ళు. ఈ అమ్మాయి ఆగింది. అందుకని అతను కాస్త ఆలోచించాల్సి వచ్చింది.

"వాడు నెగ్గుతాడా, లేదా అనే అందరూ అడుగుతారమ్మా. వాడికి బంతి ఎవరిస్తారని ఎవరూ అడగరు," అన్నాడు.

"అంటే?"

"మీ పిల్లలు మనిషిని చూసి ఇస్తారు. మంచిదే. వాడు కనపడే చోట ఉండేవాడు కాదు. ఎవరూ లేని చోటికి తన్నాలి. తిట్లు తినాలి. అట్టా తన్నేవాడు ఇప్పుడు ఉన్నాడా? ఉంటే మీరు ఉంచుతారా?"

మాధురి నవ్వబోయి ఆగింది. "ఉంచనండి. నబీ కంటే ముందు వాణ్ణే పంపేస్తాను," అంది నిజాయితీగా.

తర్వాత ఆమె గీతల వెంబడి నడుస్తూ సందు దగ్గర ఆగింది. ఇక్కడ గీత పడలేదంది. పడకపోవడం కాదమ్మా, వదిలానన్నాడు హనుమయ్య. పాండురంగారావు నబీ గొప్పలు చెప్పుకోవడానికి ఆ సందును ఎన్నిసార్లు వాడుకున్నాడో లెక్కలేదు. కానీ ఇవాళ వీడియో విజయవాడ వెళుతుంది. "అబ్బే, అదేం బాగుంటుంది? మూసెయ్, మూసెయ్," అన్నాడు.

"రేపల్లె బండి పోయాక మూసేస్తానండి."

"మ్యాచి నాలుగింటికి. బండి ఎప్పుడొస్తుందో ఎవడికి తెలుసు?"

"పోయాకే మూస్తానండి," అన్నాడు హనుమయ్య మళ్ళీ. గొంతు పెంచలేదు. ఆ క్లబ్బులో అతను ఒక మాట రెండుసార్లు అనడం పాండురంగారావు ఎప్పుడూ వినలేదు. మాధురి వైపు చూశాడు. మాధురి సందు వైపు చూస్తోంది. ఆమె చేతి మీద రోమాలు లేచి ఉన్నాయి. ఎండలో నిలబడి కూడా ఆమె చేతులు రుద్దుకుంది.

"ఉండనివ్వండి సార్. పోయాకే వేస్తారు," అంది.

మధ్యాహ్నం సుబ్బరత్నమ్మ క్యారేజీ తెచ్చింది. దోసకాయ పప్పు, గోంగూర, మజ్జిగ. భార్యాభర్తలిద్దరూ బోరు గట్టు నీడలో కూర్చున్నారు. ఆమెకు ఈ సందు సంగతి పెళ్ళయిన కొత్తలోనే తెలుసు. మొదట్లో భయపడింది, తర్వాత విసుక్కుంది, ఇప్పుడు దాని వైపు వీపు పెట్టి కూర్చుంటుంది.

"ఇప్పుడన్నా తీరింది. పాతికేళ్ళ కుర్రాడి కోసం ముసలోడు కాపలా. వాడు వచ్చినా నిన్ను గుర్తుపడతాడంటావా?"

"గీత చూసి గుర్తుపడతాడులే."

"ఏం గీతలో, ఏమో." ఆమె అతని కంచంలో ఇంకాస్త పప్పు వేసింది. అతను కట్టుడు పళ్ళతో మెల్లగా నములుతూ సగం తిని చేయి కడుక్కున్నాడు. అన్నం వదలడం అతని ఇంటా వంటా లేదు. ఒంట్లో బాగాలేదా అని ఆమె నుదురు ముట్టుకుని చూసింది. చల్లగా ఉంది. ఎండలో పని చేసిన మనిషి నుదురు అంత చల్లగా ఉండటం ఆమెకు నచ్చలేదు. ఇంటికి పోదాం పదమంది. మ్యాచి అయ్యాక వస్తానన్నాడు. ఆమె క్యారేజీ గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టుకుని, కట్ట వైపు ఒకసారి చూసి, వెళ్ళిపోయింది.

మ్యాచి చెప్పిన వేళకే మొదలయింది. చూసేవాళ్ళు పెద్దగా లేరు. కుర్రాళ్ళ తల్లిదండ్రులు, ఇద్దరు ముగ్గురు పాత కాపులు, ఎర్రకుక్క. కుర్రాళ్ళు బాగా ఆడుతున్నారు. హనుమయ్య సందు పక్కన గొంతుక్కూర్చుని చూశాడు. అంత వేగం తన రోజుల్లో లేదు. ఒకడు బంతిని ఇంకొకడికి, వాడు వేరొకడికి, నేల మీద నుంచి లేవకుండా ఇచ్చుకుంటున్నారు. ఎవరూ తప్పు చేయడం లేదు. చూస్తుంటే ముచ్చటేసింది. ముచ్చటేసి, కాసేపటికి నిద్రొచ్చింది.

సగం ఆట అయ్యేసరికి మాధురి కెమెరా దగ్గర విసుక్కుంటోంది. "దీనికేం రోగం? బంతిని చూడమంటే చూడదు. మాటిమాటికీ ఇటే తిరుగుతోంది." నిజమే. ఆట ఆ చివర జరుగుతుంటే కెమెరా తల మెల్లగా సందు వైపు తిరిగి, అక్కడ ఆగి, కాసేపు కింద నుంచి పైకి చూసి, మళ్ళీ ఆట వైపు పోతోంది. ఆమె ఆపేసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతే.

"నబీ వచ్చాడేమోనమ్మా," అని పాండురంగారావు పెద్దగా నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా ఆపేసి, కుర్చీ కాస్త ఇవతలికి జరుపుకున్నాడు.

పొద్దు వాలుతుంటే చేల మీద నుంచి మళ్ళీ మంచు దిగడం మొదలుపెట్టింది. రెండో సగం నడుస్తోంది. కట్ట మీద కూత వినిపించింది. ఈ రోజుల్లో రేపల్లె బండి ఔటర్ దగ్గర ఆగదు, నెమ్మదించదు, దడదడమని పోతుంది. ఇవాళ సిగ్నల్ పచ్చగానే ఉంది. అయినా బండి నెమ్మదించింది. పెట్టెలన్నీ ఒకదాని తర్వాత ఒకటి మనిషి నడకంత వేగంతో దాటాయి. కిటికీల్లో మనుషులు ఫోన్లు చూసుకుంటున్నారు. చివరి పెట్టె తలుపు తెరిచి ఉంది. తలుపులో ఎవరూ లేరు. హనుమయ్య లేచి నిలబడి చూశాడు. ఎవరూ దిగలేదు.

కంకర మాత్రం కరకరలాడింది. దూకిన కాళ్ళ కింద కంకర చేసే చప్పుడే అది. దాని తర్వాత కట్ట దిగే చోట మట్టి పెళ్ళలు రెండు దొర్లాయి. ఎర్రకుక్క లేచి, అరవకుండా, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని బోరు వెనక్కి పోయింది. గాలి లేదు. అయినా హనుమయ్య మొహానికి వేయించిన శనగల వాసన తగిలింది.

భయం వేసిందా అంటే వేసింది. కానీ ఆ భయంలోనే ఒక కోపం కూడా వచ్చింది. ఇంత ఆలస్యమా వెధవా అనుకున్నాడు. అనుకోగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళూ వాడి మీద కుళ్ళూ, ఎదురుచూపూ, ఇష్టమూ అన్నీ ఒకే ముద్దగా లోపల ఉండిపోయాయని ఇప్పుడే తెలిసింది. గబగబా గట్టు వైపు తిరిగి, మొహం తువ్వాలుతో తుడుచుకుని, వంగి అంచున ఏదో పెట్టి వచ్చాడు.

సరిగ్గా అప్పుడే తెనాలి కుర్రాడొకడు తన్నిన బంతి గీత దాటి దొర్లుతూ సందులోకి వచ్చింది. హనుమయ్య కాలి దగ్గర ఆగింది. మాధురి విజిల్ వేసింది. బాపట్ల కుర్రాడు త్రో వేయడానికి చేతులు చాపి, "తాతా, బంతి," అన్నాడు.

హనుమయ్య బంతిని చేత్తో తీయలేదు. సందు దాటి లోపలికి ఒక అడుగు వేశాడు. తల ఎత్తి, అవతలి మూల ఎవరూ లేని జాగా చూశాడు. నడుములో నరం కలుక్కుమనలేదు. కుడి కాలి లోపలి వైపుతో, మునుపటిలాగే, పెద్ద బలం లేకుండా తన్నాడు.

"ఎవరికండీ అది?" అని పక్కన ఎవరో నవ్వారు. కుర్రాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. బంతి ఖాళీ గడ్డి మీద దొర్లుతూ పోయింది. ఆగిపోవాల్సిన చోటు వచ్చింది. ఆగలేదు. అక్కడ చిన్న మలుపు తిరిగింది. గడ్డిలో గుంట ఉందనుకోవచ్చు. కానీ ఆ తర్వాత మళ్ళీ ఒకటి తిరిగింది. ఒకసారి ఆగి, ఎవరి కోసమో చూసి, కదిలింది. గట్టు మీద కెమెరా తల దాని వెంట కాదు, దానికి ఒక అడుగు ముందుగా పోతోంది. బాపట్ల గోల్ కీపర్ అనుదీప్ గోల్ ముందు వంగి చూస్తున్నాడు. బంతి అతనికి దగ్గరగా వచ్చింది. అతను ఉన్నట్టుండి ఎడమ పక్కకు దూకి, చేతులు చాపి నేల మీద పడ్డాడు. అటు ఏమీ లేదు. బంతి కుడి పక్క నుంచి, తొందరేమీ లేకుండా, వలలోకి పోయింది. వల కదిలింది.

అనుదీప్ లేచి కూర్చుని తన చేతులు చూసుకున్నాడు. "ఎవరో అటు ఊగారు మేడమ్," అన్నాడు. మొహంలో నెత్తురు లేదు. మాధురి విజిల్ నోట్లోనే ఉంది. ఊదడం మర్చిపోయింది. బయటివాడు తన్నిన బంతి, ఆట ఆగి ఉంది, ఆ గోల్ ఏ లెక్కలోకీ రాదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. అయినా ఆమె తండ్రిని తలుచుకుని ఆ వల వైపు చూస్తూ నిలబడిపోయింది.

హనుమయ్య నెమ్మదిగా నడిచి వచ్చి బోరు గట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. ఫోను మోగింది.

"బండి పోయి ఉంటదని చేశా," అంది మస్తాన్ బీ. "ఏంటన్నా అంత గోల? ఈలలేంటి? జనం బాగా వచ్చారా?"

హనుమయ్య చుట్టూ చూశాడు. పట్టుమని పాతికమంది లేరు. వాళ్ళు కూడా గుసగుసలాడుకుంటున్నారు. మంచు గోల్ స్తంభాల దాకా వచ్చేసింది.

"వచ్చారమ్మా."

"నీ మాటేంటి అదోలా ఉంది? ముద్దగా?"

"వచ్చాడమ్మా," అన్నాడు. "ఆడాడు. వెళ్ళిపోయాడు. ఇంక నువ్వు చదివించుకో."

అవతల ఆమె ఏడుస్తున్న చప్పుడు, దాని మధ్యలో ఏదో దువా చదువుతున్న చప్పుడు వచ్చాయి. "నిన్ను గుర్తుపట్టాడా అన్నా?" అని అడిగింది చివరికి. ఆ మాటకు హనుమయ్య నవ్వడం ఆమెకు వినిపించింది. ఆ తర్వాత ఈలల గోల ఒక్కటే వినిపించింది. అది కూడా, ఎవరో తలుపు మూసినట్టు ఆగిపోయింది.

మైదానంలో ఆట మళ్ళీ మొదలుపెట్టడానికి మాధురికి కాసేపు పట్టింది. కెమెరా ఇంక సందు వైపు తిరగలేదు. బుద్ధిగా బంతినే చూసింది. ఆట అయ్యాక కుర్రాళ్ళు నీళ్ళ కోసం బోరు దగ్గరకు వెళ్ళారు. గట్టుకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, ఒళ్ళో ఫోనుతో హనుమయ్య నిద్రపోతున్నాడనుకున్నారు. లేపితే ఒరిగిపోయాడు. పాండురంగారావు కారు తెమ్మని కేకలేశాడు. పాత కాపుల్లో ఒకాయన చేయి పట్టుకుని చూసి, తొందరేం లేదులెండి అన్నాడు. సుబ్బరత్నమ్మకు ఎవరు చెప్పాలో తెలియక అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి పాండురంగారావే వెళ్ళాడు. జీవితంలో మొదటిసారి ఆయనకు మాటలు దొరకలేదు.

అందరూ వెళ్ళాక మాధురి కెమెరా విప్పి సంచిలో పెట్టుకుంది. చీకటి పడుతోంది. సందును మూయడానికి ఎవరూ లేరు. మూయమని ఎవరూ అనలేదు కూడా. ఆమె దాని పక్క నుంచి పోతూ, గీత బయట, గట్టు అంచున తెల్లగా ఏదో కనిపిస్తే ఫోను లైటు వేసి చూసింది. మడత పెట్టిన జేబు రుమాలు. దాని మీద, ఆటలోకి దిగబోయే వాళ్ళు తీసి జాగ్రత్తగా బయట పెట్టుకునే పద్ధతిలోనే, ఒక కట్టుడు పళ్ళ వరస, మైదానం వైపు తిప్పి పెట్టి ఉంది.